చీటీకీ మాత్రకీ మధ్య ఒక మనిషి

విశాఖపట్నాన్ని ఓడరేవు ఊరంటారు, ఉక్కు ఊరంటారు. మందుల ఊరన్నా చెల్లుతుంది. పరవాడలో రెండు వేల ఎకరాల పైచిలుకు నేలలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఉంది. భీమిలి వైపు చిప్పాడ దగ్గర దివీస్, నక్కపల్లిలో హెటెరో ఉన్నాయి. కీళ్లనొప్పులకి వాడే నాప్రోక్సెన్ మొదలు హెచ్ఐవీ మందుల దాకా ఇక్కడ తయారైన ముడిమందు ఎన్నో దేశాలకి వెళుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పరవాడ, నక్కపల్లి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి గానీ, అక్కడి కంపెనీల్లో షిఫ్టుకి వెళ్లేవాళ్లలో గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లు చాలామందే ఉంటారు.

ఇదే ఊళ్లో, మహారాణిపేటలో, కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. ఆ ఆసుపత్రీ, ఆంధ్ర వైద్య కళాశాలా రెండూ 1923లో మొదలయ్యాయి. ఉత్తరాంధ్ర జనానికి కేజీహెచ్ అంటే పెద్దాసుపత్రి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు మన్యం నుంచే కాదు, ఒడిశాలో కోరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా జనం ఇక్కడికి వస్తారు. ఇంత దూరం నుంచి రోగులొచ్చే ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రిలోనైనా రోజు గడిచే తీరు ఒకటే. రాత్రి బస్సు దిగి, ఓపీ చీటీ రాయించుకుని, డాక్టరు గది ముందు కూర్చుని, చివరికి మందుల కౌంటరు దగ్గర లైన్లో నిలబడేసరికి మధ్యాహ్నమవుతుంది. కిటికీలోంచి మాత్రలు బయటికొస్తాయి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఇది తిన్నాక అన్న మాటలు వినిపిస్తాయి. వెనకాల తోపులాట. చెప్పినదాంట్లో సగం చెవిన పడుతుంది, సగం పడదు. కిటికీ లోపలున్న ఫార్మసిస్టు తప్పు కాదది. ఆయన ముందున్న లైను అలాంటిది.

ప్రభుత్వ వైద్యంలో మందు అందలేదంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ‘స్టాకు లేదు, బయట కొనుక్కోండి’ అన్న మాట. అది నిజమైన కష్టమే. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 64.2 శాతం జనం సొంత జేబులోంచే పెట్టుకున్నారు. 2021-22 నాటికి అది 39.4 శాతానికి దిగింది. దిగినా, రోజుకూలి మీద బతికే ఇంట్లో నెలనెలా బీపీ మాత్రకీ, సుగర్ మాత్రకీ అయ్యే డబ్బు బియ్యం డబ్బులోంచే పోతుంది. అంతకన్నా తక్కువగా మాట్లాడుకునే కష్టం ఇంకొకటుంది. స్టాకు ఉంటుంది, మాత్ర చేతికొస్తుంది, అయినా రోగం తగ్గదు. ఎందుకంటే ఆ మాత్ర వేసుకోవలసిన వేళకి, వేసుకోవలసిన తీరులో, వేసుకోవలసినన్ని రోజులు ఒంట్లోకి వెళ్లదు.

ఈ రెండు కష్టాల్నీ కలిపి చూడగల ఉద్యోగం ఒకటుంది. దాని పేరు క్లినికల్ ఫార్మసిస్టు. మందుల గదికే పరిమితం కాకుండా వార్డులో, రోగి మంచం పక్కన, డాక్టరుతోనూ నర్సుతోనూ కలిసి పనిచేసే ఫార్మసిస్టు. ప్రభుత్వ మందు పేదవాడికి నిజంగా అందాలంటే ఈ మనిషి ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ ఉండాలి. ఎందుకో విశాఖ చుట్టుపక్కల జరిగే సంగతుల్లోనే తెలుస్తుంది.

ముందు సరఫరా సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాసుపత్రులకి మందులు కొనే పని రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థది. కొన్న మందులు సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కి వస్తాయి. ఆసుపత్రులు ఇండెంటు పెట్టి అక్కడి నుంచి తెచ్చుకుంటాయి. ఏ మందు ఎక్కడ ఎంతుందో ఈ-ఔషధి అనే కంప్యూటర్ పద్ధతిలో ఎక్కుతుంది. ఇలా ఒకచోట కొని అందరికీ పంచే దారి చూపింది తమిళనాడు. 1994లో అక్కడ వైద్య సేవల సంస్థ పెట్టి, టెండర్లన్నీ ఒక గొడుగు కిందికి తెచ్చి, ప్రతి ఆసుపత్రికీ ఒక పాసు పుస్తకం ఇచ్చారు. ఆ పుస్తకంలో ఉన్న మేరకి ఆసుపత్రి తనకి కావలసిన మందులు తీసుకోవచ్చు. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి.

అందరూ కలిసి బేరమాడితే ధర ఎంత దిగుతుందో క్యాన్సర్ మందుల్లో స్పష్టంగా తెలిసింది. జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లోని 23 ఆసుపత్రులు 40 మందులకి ఒక్కటై బేరమాడితే, మందుని బట్టి 23 నుంచి 99 శాతం దాకా ధర తగ్గింది. మిగిలిన డబ్బు 1,320 కోట్ల రూపాయలు. ఆ గ్రిడ్‌ని నడిపించే టాటా మెమోరియల్ సంస్థకి విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఈ-ఔషధి కంప్యూటరు చెప్పలేని సంగతి ఒకటుంది. నిన్న ఎన్ని మాత్రలు వెళ్లాయో అది చెబుతుంది. నిన్న ఎన్ని కావలసి వచ్చిందో చెప్పదు. ఒక మందు మూడు నెలలు స్టాకు లేదనుకుందాం. ఆ మూడు నెలలూ వాడకం సున్నా అని లెక్కలో పడుతుంది. ఆ లెక్క చూసి వచ్చే ఏడాదికి ఇండెంటు తగ్గిస్తారు. కొరత మీద కొరత అలా పుడుతుంది. మరోపక్క ఎవరూ రాయని మందు పెట్టెలకి పెట్టెలు గడువు దగ్గరపడి మూలన పడి ఉంటుంది. దీన్ని పట్టుకోవాలంటే, ఏ వార్డులో ఏ మందు ఎంతమందికి రాశారో, వాళ్లలో ఎంతమంది బయట కొన్నారో, ఎంతమంది కొనలేక మానుకున్నారో రోజూ కళ్లారా చూసే మనిషి కావాలి. ఈ సంగతి స్టోరు గుమాస్తాకి తెలిసే వీలు లేదు. డాక్టరుకి తెలిసినా లెక్క రాసుకునే తీరిక ఉండదు. వార్డులో తిరిగే ఫార్మసిస్టుకి అదే పని.

ఏ మందు కొనాలో తేల్చే దగ్గర కూడా ఈ మనిషి ఉండాలి. అత్యవసర మందులకి ఒక జాబితా ఉండాలన్న ఆలోచన ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో ముందుకు తెచ్చింది. మన దేశం 1996లో తన జాబితా వేసుకుంది. 2022 సెప్టెంబరులో దాన్ని సవరించినప్పుడు 34 మందులు కొత్తగా చేరాయి, 26 పోయాయి, మొత్తం 384 అయ్యాయి. ఆసుపత్రి స్థాయిలో ఇలాంటి జాబితాని తేల్చేది మందుల కమిటీ. ‘ఈ ఖరీదైన ఇంజక్షను చేసే పనే ఈ మాత్రా చేస్తుంది, రోగి మింగగలుగుతున్నాడు, మార్చేద్దాం’ అని ఆధారాలతో చెప్పే గొంతు ఆ కమిటీలో ఒకటుంటే, మిగిలిన డబ్బుతో ఇంకో పదిమందికి మందు వస్తుంది.

మందంటే మాత్రా, ఇంజక్షనే కాదు. కోవిడ్ రెండో అలలో, 2021 ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకి బయల్దేరింది. కొలిమికి కావలసిన గాలిని ఆ రోజుల్లో ఊపిరికి మళ్లించారు. ఆక్సిజన్ కూడా అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందే. దానికీ డోసు ఉంటుంది. నిమిషానికి ఎన్ని లీటర్లు, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం దగ్గర తగ్గించాలి అన్నది చూసుకోకపోతే ట్యాంకరు ఎంత వచ్చినా సరిపోదు. అప్పుడు ఆ పాఠం దేశమంతా నేర్చుకుంది.

క్లినికల్ ఫార్మసీ కొత్త విద్యేమీ కాదు. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి తొమ్మిదో అంతస్తులో ఫార్మసిస్టుల్ని వార్డులోనే కూర్చోబెట్టి చూశారు. అక్కణ్నుంచి ఆ పద్ధతి పాకింది. మన దేశంలో 1990ల్లో మైసూరు, ఊటీ జేఎస్ఎస్ కళాశాలలు ఈ చదువుకి బాట వేశాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1951లోనే ఫార్మసీ చదువు మొదలుపెట్టింది గనక, ఈ ఊరికి మందుల చదువులో డెబ్బై ఏళ్లు దాటిన అనుభవం ఉంది. 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఫార్మ్‌.డి కోర్సు తెచ్చింది. ఇంటర్ తర్వాత ఆరేళ్లు. అయిదేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదిలో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, తక్కిన ఆరు నెలలు మరో మూడు విభాగాల్లో పనిచెయ్యాలి. సొంతంగా 300 పడకల ఆసుపత్రి గానీ, అలాంటి ఆసుపత్రితో ఒప్పందం గానీ లేని కళాశాలకి ఈ కోర్సు ఇవ్వరు. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు విధి అని రాశాయి. 2021 సవరణలో క్లినికల్ ఫార్మసిస్టు అన్న పేరూ, చెయ్యవలసిన పనులూ చేరాయి.

ఇక ఆ పని దగ్గర నుంచి ఎలా ఉంటుందో చూద్దాం. ఇన్సులిన్ తీసుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చే సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి. బజార్లో 100 యూనిట్లవి కూడా దొరుకుతాయి. 40 సీసాకి సరిపోయే సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. 100 సీసాకి సరిపోయేదానికి నారింజ రంగు మూత. రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి, రెండింటి మీదా 20 అనే గీత ఉంటుంది. డాక్టరు 20 యూనిట్లు రాశారు. సీసా ఆసుపత్రిలో ఇచ్చారు, సిరంజి ఊళ్లో మందుల షాపులో కొన్నారు. ఆ సిరంజి నారింజ మూతదైతే, 20 గీత దాకా లాగినా ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. సుగర్ దిగదు. నెల తిరిగి వచ్చినప్పుడు డాక్టరు మందు చాలలేదనుకుని డోసు పెంచుతారు. దీనికి తలకిందులుగా, 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళతాయి. ఆ రాత్రి మనిషి ఒళ్లంతా చెమటలు పట్టి స్పృహ తప్పిపోతాడు.

ఈ తప్పు రక్తపరీక్షలో కనిపించదు, చీటీలో కనిపించదు. ‘ఇంట్లో ఎలా పొడుచుకుంటున్నావో నాకు ఒకసారి చేసి చూపించమ్మా’ అని అడిగి, ఆ సిరంజిని చేతిలోకి తీసుకుని, మూత రంగు చూసినవాళ్లకే కనిపిస్తుంది. దానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు కౌంటరు దగ్గర లేవు. క్లినికల్ ఫార్మసిస్టు అడిగే రెండో ప్రశ్న ‘సీసా ఎక్కడ పెడుతున్నావు?’ అని. ఫ్రిజ్ లేని ఇంటికి రెండు మట్టికుండల మధ్య తడి ఇసుక పోసి చల్లగా దాచే పద్ధతి చెప్పాలి. మొదలుపెట్టిన సీసాని దాదాపు నాలుగు వారాల్లో వాడెయ్యాలని చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టి, నగరంలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, ఫ్రిజ్ ఉన్న ఇళ్లకి కూడా ఆ మట్టికుండ కబురు అవసరమే అయింది.

ఇంకో సంగతి ప్రభుత్వ మందులకే ప్రత్యేకం. టెండరు మారితే కంపెనీ మారుతుంది. కంపెనీ మారితే మాత్ర రంగు మారుతుంది, ఆకారం మారుతుంది, రేకు మారుతుంది. లోపలి మందు అదే. చదువు రాని పెద్దావిడకి తెలిసిన గుర్తు ‘తెల్ల గుండ్రటి బీపీ బిళ్ల’ ఒక్కటే. ఈ నెల గులాబీ రంగుది ఇచ్చారు. ఇది వేరే మందనుకుని ఆమె ఇంట్లో మిగిలిన తెల్లవీ వేసుకుంటుంది, కొత్తవీ వేసుకుంటుంది. లేదా, డాక్టరు రాసింది ఇది కాదని కొత్తవి పక్కన పడేస్తుంది. పది మాత్రల రేకుని కత్తిరించి ఆరు ఇచ్చినప్పుడు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క కౌంటరులోనే ఉండిపోతే, ఆమె చేతిలో ఉన్నది పేరు లేని మందు. ఏ ఆసుపత్రికి వెళ్లినా అదేమిటో ఎవరూ చెప్పలేరు. మందుల కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి, పక్కన ఎన్ని బిళ్లలో గీతలు పెట్టి, రంగు మారినా మందు అదేనని ఆమె నోటితో తిరిగి చెప్పించడం చిన్న పనిలా కనిపిస్తుంది. పక్షవాతం వచ్చి మంచాన పడకుండా ఆపేవి ఇలాంటి పనులే.

మెథోట్రెక్సేట్ అనే మందుంది. కీళ్లవాతానికి చవకగా, బాగా పనిచేస్తుంది. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. తక్కిన మందులన్నీ రోజూ వేసుకునే అలవాటులో దీన్నీ రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తంలో తెల్లకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. ఈ పొరపాటు ప్రపంచమంతటా జరుగుతూనే ఉంది. చీటీలో ‘వారానికోసారి’ అని ఉంటే చాలదు. ‘బుధవారం’ అని రోజు పేరే రాసి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి పంపాలి. ఈ మందు పుట్టుక వెనక ఉన్నది తెలుగువాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధనలోంచి ఇది వచ్చింది. దీని దెబ్బ తగ్గించడానికి వేరే రోజున ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది కూడా ఆయన బృందమే. కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకి ఇంటింటికీ పంచే డీఈసీ మాత్రా ఆ ప్రయోగశాలదే. ఆ మాత్రని పరగడుపున వెయ్యకూడదు, గర్భిణులకీ రెండేళ్లలోపు పిల్లలకీ ఇవ్వకూడదు. అంత గొప్ప మందు కూడా, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తెలిసిన చేతిలో ఉంటేనే మందు.

క్షయ మందులూ అంతే. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందుగా చెప్పకపోతే రక్తం పడుతోందని హడలిపోయి మానేస్తారు. అదే మందు కొన్ని సుగర్ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది, గర్భనిరోధక మాత్రల్ని పనిచెయ్యనివ్వదు. క్షయా సుగరూ ఒకే మనిషికి ఉండడం మన దగ్గర మామూలే గనక రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఉండాలి. 2024 మార్చిలో దేశంలో క్షయ మందులకి కటకట వచ్చి, మూడు నెలలకి సరిపడా మీరే కొనుక్కోండని కేంద్రం రాష్ట్రాలకి రాసింది. అలాంటి సమయంలో ఏ రోగికి ఎన్ని రోజుల మందు మిగిలిందో మనిషి మనిషికీ తెలిసి ఉంటేనే ఉన్నదాన్ని సర్దగలరు.

విశాఖలో ఇంకో చిక్కుంది. ఈ ఊళ్లో ఆసుపత్రులు ఒక పద్ధతి కింద లేవు. ఉక్కునగరంలో స్టీల్ ప్లాంటు ఆసుపత్రి, సాలగ్రామపురంలో పోర్టు వాళ్ల గోల్డెన్ జూబిలీ ఆసుపత్రి, మల్కాపురంలో ఈఎస్ఐ, రైల్వే వాళ్లది వేరు, నేవీ వాళ్లది వేరు. ఎవరి కొనుగోళ్లు వాళ్లవి. పోర్టులో రిటైరైన తండ్రి ఒకచోట చూపించుకుంటాడు. గుండె పరీక్షకి ఇంకోచోటికి పంపుతారు. రెండుచోట్లా ఒకే సుగర్ మందు రెండు పేర్లతో ఇస్తే, రెండూ మింగి కళ్లు తిరిగి పడిపోతాడు. రోగి ఆసుపత్రిలో చేరిన రోజునా, ఇంటికెళ్లే రోజునా అతని మందులన్నీ బల్ల మీద పోసి సరిచూడడం క్లినికల్ ఫార్మసిస్టుకి మొదటి పాఠం.

మనిషి బతుకుతెరువుని బట్టి కూడా మందు సర్దాలి. కోక్ ఓవెన్ల దగ్గర, కొలిమి దగ్గర ఎనిమిది గంటలు చెమటలు కక్కే కార్మికుడికి ఒంట్లో నీటిని మూత్రంలో పంపే బీపీ మందు రాస్తే, ఒంట్లో నీరూ ఉప్పూ పోయి సొమ్మసిల్లుతాడు. ఆ సంగతి డాక్టరు చెవిన వెయ్యాలి. వారంవారం షిఫ్టు మారేవాడికి ‘పొద్దున, రాత్రి’ అన్న మాటలకి అర్థం లేదు. నిద్ర లేచాక, అన్నం తినే ముందు అని చెప్పాలి. ఫిషింగ్ హార్బర్ నుంచి మరపడవల మీద వేటకి వెళ్లేవాళ్లు పది, పదిహేను రోజుల దాకా సముద్రం మీదే ఉంటారు. వాళ్లకి పదిరోజులకోసారి రమ్మని మందులిస్తే ఆ మందు వాళ్లది కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బీపీ, సుగర్ పరీక్షలకి వాళ్లని పిలవడానికి అంతకన్నా మంచి అదను లేదు.

యజమాని సంస్థలే పూనుకుంటే ఏమవుతుందో అమెరికాలో ఆష్‌విల్ అనే చిన్న ఊరు 1990ల చివర్లో చూపించింది. అక్కడి పురపాలక ఉద్యోగుల్లో సుగర్ ఉన్నవాళ్లు తరచూ ఫార్మసిస్టుతో కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేసి, అందుకు ఒప్పుకున్నవాళ్లకి మందుల ఖర్చు తగ్గించారు. సుగర్ అదుపులోకి వచ్చింది, సిక్ లీవులు తగ్గాయి, సంస్థకి వైద్య ఖర్చూ తగ్గింది. పోర్టూ స్టీలూ ఉన్న ఊరికి ఇది బాగా అతికే పద్ధతి.

పాడేరు ఘాటు ఎక్కితే లెక్క మారుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో మలేరియా ఇంకా ఉంది. వైవాక్స్ మలేరియాకి క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు ఇస్తారు. జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గాక ఇంకా మాత్రలెందుకని ఆపేస్తారు, కాలేయంలో దాగిన మలేరియా మళ్లీ లేస్తుంది. పద్నాలుగు రోజులూ వేసుకోమని ఒత్తిడి చేస్తే చాలదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకి ప్రైమాక్విన్ పడదు. ఎర్రకణాలు పగిలిపోయి మూత్రం నల్లగా వస్తుంది. గిరిజనుల్లో కొన్ని తెగల్లో ఈ లోపం ఎక్కువ. మూత్రం నల్లబడితే వెంటనే మాత్ర ఆపి కబురు చెయ్యాలని ఆశా కార్యకర్తకీ, తల్లికీ వాళ్ల మాటలో చెప్పాలి.

అక్కడే సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లలకి హైడ్రాక్సీయూరియా ప్రాణాధారం. జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న మొదలైంది. ఆ మందు మామూలుగా దొరికేది 500 మిల్లీగ్రాముల గుళికలో. కిలోకి 20 మిల్లీగ్రాముల లెక్కన పదిహేను కిలోల పిల్లకి కావలసింది 300. గుళిక విప్పి పొడిని కంటి అంచనాతో పంచడం ప్రమాదం. దాన్ని కొలత ప్రకారం ద్రవంగానో, చిన్న మోతాదు పొట్లంగానో తయారుచేసి ఇవ్వగలది ఫార్మసిస్టే. క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించి, కణాలు పడిపోతే డోసు ఆపించాలి. కొండ దిగి వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి రాలేని కుటుంబానికి ఈ మందూ, పరీక్షా, మాటా మూడూ ఒకేరోజు ఊరిదగ్గరే అందాలి. నెలలో నిర్ణీత రోజున ఊరికొచ్చే 104 వాహనం ఉంది. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా 2024-25లో మొదలైంది. మొదటి క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు ఎక్కడివ్వాలని ఎవరైనా అడిగితే, అక్కడే ఇవ్వాలి.

ఆ పోస్టుల దగ్గరే అసలు చిక్కు. ఫార్మ్‌.డి చదివిన పిల్లలు ప్రభుత్వాసుపత్రుల్లో తమకి పోస్టులు మంజూరు చెయ్యమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. వార్డుల్లో తిరిగి చదువుకున్నవాళ్లు చివరికి హైదరాబాదులో మెడికల్ కోడింగ్ కంపెనీల్లోనో, విదేశీ మందుల కంపెనీలకి నివేదికలు రాసిపెట్టే ఆఫీసుల్లోనో చేరుతున్నారు. ఆ ఉద్యోగాల్లో తప్పులేదు. వాళ్ల అవసరం మాత్రం వార్డులో ఉంది. డబ్బు లేదన్న మాటకి జవాబు గడువు తీరి పారేసే మందుల్లో, తప్పు మందు వల్ల మళ్లీ ఆసుపత్రిలో చేరిన రోగుల పడకల్లో వెతుక్కోవచ్చు. మందుల పొరపాట్ల వల్ల ప్రపంచం ఏటా 4,200 కోట్ల డాలర్లు పోగొట్టుకుంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా కట్టింది. ఫార్మసిస్టు వైద్యంలో వేలు పెడతాడని కొందరు డాక్టర్లకి జంకు ఉంది. చీటీ రాసే అధికారం డాక్టరుదే. రాసింది రోగి ఇంట్లో ఏమవుతుందో చూసి తిరిగి చెప్పే బాధ్యత ఇంకొకరు తీసుకుంటే డాక్టరు చేతికి బలమే వస్తుంది. ఇప్పుడున్న ప్రభుత్వ ఫార్మసిస్టుల్ని పక్కన పెట్టవలసిన పని కూడా లేదు. స్టోరు, కౌంటరు నడిపిన వాళ్ల అనుభవం లేకుండా వార్డు ఫార్మసిస్టు ఒక్క ఇండెంటు కూడా సరిగా పెట్టించలేడు.

మొదలుపెట్టడం కష్టం కాదు. ఒక్కో బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్‌కి ఒకరు, పిల్లల వార్డుకి ఒకరు, మందుల కౌంటరు పక్కన కుర్చీ వేసి కూర్చుని మాట్లాడే గదికి ఒకరు చాలు. ఏడాది తర్వాత ఇండెంటు ఎంత సరిపోయిందో, ఎంతమంది మందు మధ్యలో మానలేదో లెక్క తీస్తే మిగతావి ఎన్ని కావాలో అదే చెబుతుంది.

ఈలోగా రోగి చేతిలో ఉన్న పని కొంత ఉంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, నాటుమందుతో సహా, ఒకే సంచీలో వేసుకుని వెళ్లాలి. మాత్ర రంగు మారితే అడగాలి. రేకు కత్తిరిస్తుంటే పేరున్న ముక్క ఇమ్మనాలి. మందు వేసుకున్నాక దద్దుర్లో, వాపో, ఇంకేదైనా తేడానో వస్తే దాన్ని దేశమంతటి నుంచీ సేకరించే వ్యవస్థ 2010 నుంచి నడుస్తోంది. గాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానికి కేంద్రం. వైద్య కళాశాలల్లో దాని శాఖలున్నాయి, విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాలలోనూ ఉంది. ఫిర్యాదు డాక్టరే చెయ్యాలని లేదు. రోగి చెయ్యొచ్చు, రోగి తరఫున ఇంట్లోవాళ్లు చెయ్యొచ్చు. ఫారం తెలుగులోనూ ఉంది. డబ్బు పడని ఫోను నంబరు 1800 180 3024. ఫోను చేసేటప్పుడు మందు రేకు చేతిలో పెట్టుకోవాలి. దాని మీద ఉన్న బ్యాచ్ నంబరు అడుగుతారు.